60 రోజుల లిస్టు ఇచ్చే చోటు అద్దెదే: ఓఓటీపీ లీగ్‌లో ఒక వారం గాయాలు, ఏడాది రోస్టర్ లెక్క

ఈ కేసు అవుట్ ఆఫ్ ద పార్క్ బేస్‌బాల్ అనే కంప్యూటర్ ఆటలోది. ఆడేవాళ్లందరూ దాన్ని ఓఓటీపీ అనే పిలుస్తారు. 1999లో మార్కస్ హైన్‌సన్ మొదలుపెట్టిన ఈ సిమ్యులేషన్‌లో మన చేతికి బ్యాటూ బంతీ రావు, జనరల్ మేనేజర్ (జీఎం) కుర్చీ మాత్రమే వస్తుంది. ఆన్‌లైన్ లీగ్‌లో 30 జట్లకు 30 మంది జీఎంలు ఉంటారు. ప్రతివాళ్లూ గడువులోపు తమ మార్పులు చేసి ఫైల్ ఎక్స్‌పోర్ట్ చేయాలి. ఆ తర్వాత లీగ్ నడిపే కమిషనర్ 7 రోజుల ఆటను ఒక్కసారిగా తిప్పుతాడు. దాన్నే సిమ్ అంటారు. ఆ 7 రోజుల్లో ఎవడి కాలు మడతపడ్డా మనం వేలు పెట్టలేం. గాయాల నిర్వహణలో సగం చిక్కు ఇక్కడే పుడుతుంది.

ఈ లీగ్ 2024 సీజన్‌ను ఎంఎల్‌బీ, అంటే అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్, నిబంధనలతోనే నడిపింది. ఆడే జాబితా 26 మంది, అందులో బంతి వేసే పిచర్లు 13కి మించకూడదు. దాని వెనక 40 మంది జాబితా, ఆ 26 మందీ ఇందులోవాళ్లే. గాయపడ్డవాళ్లను పెట్టే ఇంజ్యూర్డ్ లిస్ట్, అంటే ఐఎల్, బ్యాటర్లకు కనీసం 10 రోజులు, పిచర్లకు 15 రోజులు. రెండింటికీ 60 రోజుల లిస్టు వేరే ఉంది. 10 లేదా 15 రోజుల లిస్టుకు పంపితే 26లో చోటు ఖాళీ అవుతుంది కానీ 40లో కాదు. 60 రోజుల లిస్టుకు పంపితే రెండిట్లోనూ ఖాళీ అవుతుంది. అయితే 40 నిండి ఉన్నప్పుడే ఆ తలుపు తెరుచుకుంటుంది. పాత నోట్సు చూసి ఆడేవాళ్లకు ఒక మాట. ఈ లిస్టును 2019 ముందు డిజేబుల్డ్ లిస్ట్ అనేవాళ్లు. కనీస గడువు 2017లో అందరికీ 15 నుంచి 10కి తగ్గింది, 2022లో పిచర్లకు మళ్లీ 15 అయింది. ఏ ఏడాది నిబంధన ఎక్కించారో లీగ్ సెట్టింగుల్లో చూడకుండా రోజులు లెక్కపెట్టడం దండగ.

ఎంఎల్‌బీలో ఐఎల్ తేదీని 3 రోజుల వరకు వెనక్కి జరపొచ్చు. ఈ లీగ్‌లో ఆ వెసులుబాటు లేదు. మూవ్ చేసిన రోజే మొదటి రోజు.

మే 13 ఉదయం చేతికొచ్చిన ఫైలు

మే 6 నుంచి 12 దాకా సిమ్ అయింది. ముగ్గురికి దెబ్బలు. మే 7న రెండు, మూడు బేస్‌ల మధ్య కాపు కాసే షార్ట్‌స్టాప్‌కి పక్కటెముకల కింది కండరం పట్టేసింది, 26 రోజులు. మే 9న రెండో స్టార్టర్ (వంతులవారీగా ఆటలు మొదలుపెట్టే పిచర్లలో రెండోవాడు) నాలుగో ఇన్నింగ్స్‌లో మోచేయి పట్టుకుని బయటికొచ్చాడు, గాయం ఏమిటో ఇంకా తేలలేదు. మే 11న మొదటి క్యాచర్ బొటనవేలికి తగిలింది, 5 రోజులు, డే-టు-డే, అంటే ఐఎల్‌కి పంపి తీరాల్సినంత కాని చిన్న గాయం.

జట్టులో 26కి 26, 40కి 40 నిండి ఉన్నాయి. అందరూ తేలిగ్గా తీసుకునేదీ, ఇక్కడ మొత్తం కథ నడిపేదీ ఈ రెండో అంకే.

ముందు మెడికల్ పేజీ కాదు, పిచర్ల పని పేజీ తెరవాలి. రెండో స్టార్టర్ వంతు మళ్లీ మే 14న వస్తుంది. ట్రిపుల్-ఏలో, అంటే కింది మైనర్ లీగుల్లో పైమెట్టులో, 40లో ఉన్న స్టార్టర్లు ఇద్దరు. కుడిచేతివాడి రేటింగులు మెరుగు, కానీ మే 12నే 90 బంతులు వేసి ఉన్నాడు. ఎడమచేతివాడు చివరగా వేసింది మే 9న. పైకి పిలిస్తే అలసట కూడా వెంట వస్తుంది. ఊరు మారినంత మాత్రాన చెయ్యి కొత్తదైపోదు. కుడిచేతివాడిని పిలిచి ఉంటే ఒక్క రోజు విశ్రాంతితో మే 14న బంతి వేసే మట్టిదిబ్బ ఎక్కేవాడు, లేదా రొటేషన్ (స్టార్టర్ల వంతుల వరస) అతన్ని దాటేసి మూడో స్టార్టర్‌ని ఒక రోజు ముందుకు లాగేది. అందుకే ఎడమచేతివాడిని పిలిచారు. 14న ఒకటి, 19న ఇంకొకటి, ఆ సిమ్‌లో అతనివి రెండు స్టార్టులు.

మూవ్‌లు చేసిన వరస ఇది. షార్ట్‌స్టాప్ 10 రోజుల ఐఎల్‌కి. పిచర్ 15 రోజుల ఐఎల్‌కి. అప్పటికి 26లో 24 మంది, 40లో మాత్రం 40 అలాగే. తర్వాత ట్రిపుల్-ఏ నుంచి, పలు స్థానాల్లో ఆడగల యుటిలిటీ ఇన్‌ఫీల్డర్, ఎడమచేతి స్టార్టర్ పైకి. బ్యాటర్లు 13, పిచర్లు 13. వరస తిరగేసి ముందే పైకి పిలవబోతే రోస్టర్ (జట్టు జాబితా) నిండి ఉందనే సందేశం తప్ప ఏమీ రాదు. కంగారులో ఉన్న జీఎం ఆ సందేశం చూసి ఎవరినో డీఎఫ్‌ఏ చేసేస్తాడు. డిజిగ్నేట్ ఫర్ అసైన్‌మెంట్ అంటే ఆ ఆటగాడు 40లోంచి పోయినట్టే. 7 రోజుల్లోపు ట్రేడ్ చేయాలి, లేదా వేవర్లకు, అంటే మిగతా జట్లు ఎగరేసుకుపోగల జాబితాకు, వదలాలి.

యుటిలిటీ ఆటగాడి విషయంలో ఒక మెలిక ఉంది. మే 6నే అతన్ని ఆప్షన్ మీద (40లో ఉంచుతూనే, వేవర్లు లేకుండా మైనర్లకు పంపే హక్కు, కొన్ని ఏళ్లకే ఉంటుంది) కిందికి పంపారు. కిందికి వెళ్లిన బ్యాటర్ 10 రోజులు అక్కడే ఉండాలి, పిచర్ అయితే 15. అప్పటికి అయినవి 7 రోజులే. అయినా పిలవగలిగారు, ఎందుకంటే ఐఎల్‌కి వెళ్లినవాడి స్థానంలో వచ్చేవాడికి ఆ గడువు వర్తించదు. ఈ మినహాయింపు బాగా గుర్తుంచుకోండి, దీనికి రెండో వైపు జూన్‌లో కనబడుతుంది.

క్యాచర్‌ని ఐఎల్‌కి పంపలేదు. మే 11 నుంచి 5 రోజులంటే 16కి కోలుకుంటాడు. 7 రోజుల సిమ్‌లో పోయేది మొదటి మూడు రోజులే, ఐఎల్‌కి పంపితే 10 రోజులు పోతాయి. కానీ ఊరికే వదిలేస్తే, చేత్తో పెట్టిన లైనప్‌లో పేరు ఉంది కాబట్టి గాయంతోనే ఆడే ప్రమాదం ఉంది. డే-టు-డే గాయం ఆటనూ తగ్గిస్తుంది, పెద్ద గాయానికీ దారి తీయగలదు. అందుకే కుడిచేతి పిచర్ల మీది లైనప్‌లోనూ, ఎడమచేతి పిచర్ల మీది లైనప్‌లోనూ రెండో క్యాచర్‌నే పెట్టి వారం మొత్తం అతనికే ఇచ్చేశారు. 16 తర్వాత మొదటివాడు ఆడగలిగినా సరే. నాలుగు ఆటల్లో క్యాచర్ బ్యాటింగు కొంత తగ్గుతుంది. అది తెలిసి ఒప్పుకున్న నష్టం.

ఐఎల్ మూవ్ చేయడంతో పని అయిపోయిందనుకోవడం మామూలుగా జరిగే తప్పు. షార్ట్‌స్టాప్‌ని తీసేసరికి రెండు లైనప్‌లలోనూ ఆ గడి ఖాళీ అవుతుంది. పైకొచ్చిన యుటిలిటీ ఆటగాడు తనంతట తాను అందులోకి ఎక్కడు, బెంచి మీద కూర్చుంటాడు. ఏఐ ఆ గడిని తనకు తోచినట్టు నింపుతుంది. థర్డ్ బేస్‌మన్ పక్కకు జరుగుతాడు, రెండు స్థానాల్లో ఫీల్డింగ్ పాడవుతుంది. పైకి పిలిచిన స్టార్టర్‌దీ అదే కథ. రొటేషన్‌లో చేత్తో పెట్టకపోతే ఆట మధ్యలో వచ్చే పిచర్లుండే బుల్‌పెన్‌లో తేలతాడు, ఐదో ఇన్నింగ్స్‌లో ఎవరికో బదులు వచ్చి 14న స్టార్టుకి పనికిరాకుండా పోతాడు. కాబట్టి ప్రతి మూవ్ తర్వాత చూడాల్సిన పేజీలు మూడు: లైనప్‌లు, డెప్త్ చార్ట్ (ఒక్కో స్థానానికి ఎవరి తర్వాత ఎవరో చెప్పే పట్టిక), పిచింగ్. డెప్త్ చార్ట్‌లో షార్ట్‌స్టాప్, క్యాచర్, సెంటర్‌ఫీల్డ్‌లకు మూడో పేరు కూడా ఉండాలి. మే 7న దెబ్బ తగిలితే 13 దాకా ఎవరూ రారు కదా, ఆ ఆరు రోజులు జట్టుని మోసేది ఆ మూడో పేరే.

తేలని గాయం

మోచేయి గాయం తేలకముందే 40లో చోటు చేసుకోవాలనే తొందర చాలామందికి ఉంటుంది. బయటి నుంచి మంచి స్టార్టర్‌ని తేవాలంటే 40లో చోటు కావాలి, దానికి ఎవరో ఒకరిని వదలాలి. వారం తర్వాత గాయం పెద్దదని తేలితే 60 రోజుల లిస్టు ఆ చోటుని ఉచితంగా ఇచ్చేది, వదిలేసినవాడు మాత్రం తిరిగిరాడు. చిన్నదని తేలితే మరీ అధ్వాన్నం, చోటు అవసరమే లేకుండా ఆటగాడు పోయాడు. ఆ వారానికి 40లో ఉన్నవాడితోనే నెట్టుకు రావడం మంచిది. ఎడమచేతివాడు రెండు స్టార్టుల్లో ఎన్ని పరుగులిచ్చినా అది ఒక ఆటగాడిని పోగొట్టుకోవడం కన్నా చౌక. 15 రోజుల లిస్టులో గడిచిన రోజులు కూడా వృథా కావు. తర్వాత 60కి మార్చినా లెక్క మొదటి తేదీ నుంచే నడుస్తుంది.

మే 20 ఫైలులో తేలింది. మోచేతి లిగమెంటు తెగింది, టామీ జాన్ సర్జరీ, 13 నెలలు. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ తొలిసారి ఆ ఆపరేషన్ చేసిన పిచర్ పేరే దానికి నిలిచింది. ఓఓటీపీలోనూ దీనికి నెలలే కాదు, రేటింగుల్లో కోత కూడా పడొచ్చు.

60 రోజుల లిస్టుకు మార్చగానే 40లో ఒక చోటు వచ్చింది. ఈ కేసులో అసలు నిర్ణయం ఇదే. ట్రిపుల్-ఏలో 40 బయట ఇద్దరున్నారు. ఒకడు 22 ఏళ్ల కుడిచేతి పిచర్, 2022 డ్రాఫ్టులో కాలేజీ నుంచి వచ్చినవాడు, జట్టులోని మంచి ఆశల్లో ఒకడు. ఇంకొకడు 34 ఏళ్ల స్టార్టర్, మైనర్ లీగ్ కాంట్రాక్ట్, ఆరేళ్లకు పైగా సర్వీసు (మేజర్ లీగ్‌లో గడిపిన కాలం), ఆప్షన్లు అయిపోయాయి. రేటింగులు మాత్రమే చూస్తే కుర్రాడే మేలు.

పెద్దాయన్నే తీసుకున్నారు. కారణం నవంబర్‌లో ఉంది. 60 రోజుల లిస్టు 40లోంచి పేరు తీసేది సీజన్ వరకే. సీజన్ ఆఖరి పోటీ అయిన వరల్డ్ సిరీస్ ముగిసిన 5 రోజులకు లిస్టులోవాళ్లంతా మళ్లీ 40లోకి రావాలి. గాయం మానకపోయినా రావాల్సిందే. మళ్లీ 60 రోజుల లిస్టు తెరుచుకునేది ఫిబ్రవరిలో స్ప్రింగ్ క్యాంపులు మొదలయ్యాకే. మధ్యలో చలికాలం అంతా ఆ పిచర్ ఒక చోటు తింటాడు. అదీ ఎప్పుడు? రూల్ 5 డ్రాఫ్టు (40లో లేనివాళ్లను వేరే జట్లు తీసుకుపోగల డ్రాఫ్టు) నుంచి కాపాడుకోవాల్సిన కుర్రాళ్లను 40లో చేర్చే నవంబర్‌లోనే. అంటే మే 20న వచ్చిన చోటు సొంతిల్లు కాదు, ఆరు నెలల అద్దె గది. అందులో దించేవాడు నవంబర్‌కి తనంతట తాను ఖాళీ చేసి పోయేవాడై ఉండాలి.

పెద్దాయన కాంట్రాక్ట్ సీజన్‌తో సరి. వరల్డ్ సిరీస్ అవగానే ఫ్రీ ఏజెంట్ (ఏ జట్టుతోనైనా ఒప్పందం చేసుకోగలవాడు) అవుతాడు, ఆయన చోటులోకి సర్జరీ పిచర్ వస్తాడు. లెక్క 40 దగ్గరే నిలుస్తుంది. కుర్రాడిని చేర్చి ఉంటే నవంబర్‌లో 41 అయ్యేది. పైగా డ్రాఫ్టయ్యేనాటికి 19 దాటినవాడికి రూల్ 5 ముప్పు నాలుగు సీజన్లు ముగిశాకే వస్తుంది, అంటే ఇతనికి 2025 డిసెంబర్. అతని కోసం 2025 నవంబర్ దాకా 40లో చోటు ఇవ్వనక్కరలేదు. మే 2024లోనే ఇస్తే ఏడాదిన్నర ముందు చెల్లించినట్టు. సర్వీసు గడియారం కూడా అప్పుడే మొదలవుతుంది. 172 రోజులు నిండితే ఒక ఏడాది, ఐఎల్‌లో గడిపినా లెక్కే.

ఇక్కడ ఐపీఎల్ అలవాటున్న తెలుగు ఆటగాళ్లు తడబడుతుంటారు. ఐపీఎల్‌లో గాయపడ్డవాడి బదులు ఇంకొకరిని తీసుకుంటే అసలువాడు ఆ సీజన్‌కి తిరిగి రాడు, కథ ముగిసింది. బేస్‌బాల్‌లో గాయపడ్డవాడు ఎప్పుడూ తిరిగొస్తాడు, తన చోటు తనకు కావాలంటాడు.

మే 20 వరస: పిచర్ 60 రోజుల ఐఎల్‌కి, 40లో 39. ఎడమచేతివాడు ట్రిపుల్-ఏకి, 26లో 25. పెద్దాయన కాంట్రాక్ట్ పైకి, 40లో మళ్లీ 40, 26లో 26. ఆ వంతు మళ్లీ మే 24న, అప్పటికి ఆయనకు విశ్రాంతి సరిపోతుంది. ఎడమచేతివాడు సీజన్ మొదటి నుంచి మే 13 దాకా కిందే ఉన్నాడు, ఈ ఏడాది ఆప్షన్ అప్పటికే కాలిపోయింది కాబట్టి మళ్లీ పంపినా కొత్త ఖర్చు లేదు. 2024 కనీస వేతనం 7,40,000 డాలర్లు, దాంట్లో మిగిలిన రోజుల వాటానే పెద్దాయనకు పోయింది. దీనికి ఉన్న షరతల్లా ఒకటే: ఆయన్ని వేవర్లు లేకుండా కిందికి పంపలేరు. వేవర్లు దాటినా, అంత సర్వీసు ఉన్నవాడు మైనర్లకు పోనని ఫ్రీ ఏజెంట్ అయిపోవచ్చు. ఆయన తేలిపోతే దారి బయటికే. అందుకే ఎడమచేతివాడిని ఆరో స్టార్టర్‌గా కింద వేడిగా ఉంచారు.

జూన్ 3న జరిగిన తప్పు

షార్ట్‌స్టాప్ జూన్ 2న కోలుకున్నాడు, జూన్ 3 ఫైలులో ఆరోగ్యంగా ఉన్నాడు. ఇది అదృష్టం. గాయం మంగళవారం మానితే ఏ బటనూ తనంతట తాను నొక్కుకోదు, వచ్చే సోమవారం దాకా ఆరోగ్యంగానే ఐఎల్‌లో కూర్చుంటాడు. 20 రోజుల రీహాబ్‌కి (కోలుకునేవాడు మైనర్లలో ఆడి సిద్ధమవడానికి) పంపే వీలున్నా, నెలలోపు గాయానికి అది అక్కర్లేదని నేరుగా పైకి తెచ్చారు.

26లోంచి ఒకరు వెళ్లాలి. తెచ్చింది యుటిలిటీ ఆటగాడిని కాబట్టి అతన్నే పంపేశారు. చూడ్డానికి ధర్మంగానే ఉంది. ఆప్షన్ల లెక్క తీస్తే కాదు. అతనికి ఉన్నది ఆఖరి ఆప్షన్ ఏడాది. ఒక సీజన్‌లో కింద గడిపిన రోజులు మొత్తం 20 లోపు ఉంటే ఆ ఏడాది ఆప్షన్ ఖర్చు కాదు. మే 6 నుంచి 12 దాకా 7 రోజులు అయిపోయాయి. జూన్ 3 నుంచి 13 రోజులు అంటే జూన్ 15తో 20 నిండుతాయి. అంటే 15 నాటికల్లా పైకి రావాలి. జీఎం షీటులో ఈ తేదీ ఉంది, జూన్ 10న తిరిగి పిలుద్దామనే అనుకున్నారు. కానీ జూన్ 10కి అతను కింద ఉన్నది 7 రోజులే. 10 రోజుల కనీస గడువు 12తో గానీ నిండదు. మే 13న ఆదుకున్న మినహాయింపు ఇప్పుడు లేదు, ఎందుకంటే ఐఎల్‌కి వెళ్లిన బ్యాటర్ ఎవరూ లేరు. తర్వాతి ఫైలు జూన్ 17. అప్పటికి 20 దాటిపోయింది.

రోజువారీ ఆడే సోలో లీగ్‌లో 13, 14, 15 మూడు రోజుల కిటికీ ఉండేది. 7 రోజుల సిమ్‌లో ఆ కిటికీ రెండు సోమవారాల మధ్య పడి కనబడకుండా పోయింది. ఆప్షన్ కాలింది జూన్ 15న కాదు, జూన్ 3న బటన్ నొక్కినప్పుడే. ఆరోజు పంపాల్సింది నాలుగో అవుట్‌ఫీల్డర్‌ని. అతనికి ఇంకా రెండు ఆప్షన్ ఏళ్లున్నాయి, వారానికి రెండు ఆటలు ఆడుతున్నాడు. ఆ రెండు ఆటల్లో యుటిలిటీ ఆటగాడిని లెఫ్ట్‌ఫీల్డ్‌లో నిలబెట్టినా కొంపేం మునిగేది కాదు. సీజన్‌కి ఐదు ఆప్షన్ల పరిమితి కూడా ఉంది, ఇతనికిది రెండోదే కాబట్టి అది అడ్డం రాలేదు.

కాబట్టి షీటులో ప్రతి ఆప్షన్ ఆటగాడి ఎదురుగా రెండు తేదీలు కావాలి: మొదటగా పిలవగలిగే రోజు, ఆప్షన్ కాలే రోజు. ఆ రెంటి మధ్య ఒక్క ఎక్స్‌పోర్ట్ సోమవారమైనా పడుతుందా లేదా అన్నది మూడో గడి. పడకపోతే పంపే ముందే ఆప్షన్ పోయిందనుకుని నిర్ణయం తీసుకోవాలి.

గడువు గురించి ఇంకో మాట. ఈ లీగ్ గడువు అమెరికా తూర్పు తీర సమయం రాత్రి 9. వేసవిలో అది హైదరాబాద్‌లో మర్నాడు ఉదయం 6:30, నవంబర్‌లో అక్కడ గడియారాలు వెనక్కి తిప్పాక 7:30. చలికాలంలో ఒక గంట కలిసొస్తుంది, మార్చిలో గడియారం ముందుకు తిప్పినప్పుడు అదే గంట పోతుంది, సరిగ్గా సీజన్ మొదలయ్యే ముందు. ఎక్స్‌పోర్ట్ రాకపోతే ఈ లీగ్‌లో పాత ఫైలే నడుస్తుంది. రోస్టర్ చెల్లకపోతే ఆ జట్టుని కమిషనర్ ఆ సిమ్‌కి ఏఐ చేతిలో పెడతాడు. ఏఐకి మన ఆప్షన్ తేదీలూ అద్దె గదులూ పట్టవు.

నవంబర్, ఫిబ్రవరి

సీజన్ ముగిసింది. పెద్దాయన ఫ్రీ ఏజెంట్ అయ్యాడు, సర్జరీ పిచర్ ఆ చోటులోకి వచ్చాడు, ఎవరినీ డీఎఫ్‌ఏ చేయలేదు. రూల్ 5 నుంచి కాపాడాల్సిన ఇద్దరి కోసం కాంట్రాక్టులు ముగిసిన ఇంకో ఇద్దరి చోట్లు సరిపోయాయి.

2025 ఫిబ్రవరిలో క్యాంపులు మొదలవగానే 40 నిండి ఉండటంతో పిచర్‌ని మళ్లీ 60 రోజుల ఐఎల్‌కి పంపారు. మళ్లీ ఒక గది ఖాళీ, ఈసారి ఇంకా చిన్న అద్దెకి. గాయం మానేది జూన్ 9 ప్రాంతంలో, అది సోమవారమే. అక్కణ్నుంచి పిచర్లకిచ్చే రీహాబ్ 30 రోజులు పూర్తిగా వాడితే జూలై 8. దానికి ముందున్న ఎక్స్‌పోర్ట్ జూలై 7, కాబట్టి అసలు గడువు అదే. ఆ గదిలోకి ఏడాది కాంట్రాక్ట్ మీద ఒక రిలీవర్‌ని (ఆట మధ్యలో వచ్చే పిచర్‌ని) తెచ్చారు. ఆప్షన్లు అయిపోయిన యుటిలిటీ ఆటగాడు 26లోనే ఉండాల్సి వచ్చింది, వేవర్లలో పెడితే నిలవడు. దాంతో బెంచిలో ఒక చోటు కట్టుబడిపోయింది, నాలుగో అవుట్‌ఫీల్డర్ సీజన్‌ని ట్రిపుల్-ఏలో మొదలుపెట్టాడు. షీటులో జూలై 7 గడిలో ఫిబ్రవరిలోనే రెండు వరసలు ఎక్కాయి: పైకి సర్జరీ పిచర్, బయటికి ఆ రిలీవర్.